మూడో కుప్ప

కరెంటు పోయింది. సోమవారం సాయంత్రం సరిగ్గా 6:52.

హాలు గోడ మీద ఉన్న మూడు పటాలూ ఒకేసారి నల్లబడ్డాయి.

రెండే నల్లబడాలి.

ముందుగా కనిపెట్టింది కోడలు సుష్మ. కాఫీ ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మావయ్యా, మధ్య పటం ఆరిపోయింది."

"కరెంటు పోతే ఆరిపోదా మరి?" అన్నాడు వెంకటప్పయ్య, ఇన్వర్టరు మీద తిరుగుతున్న ఫ్యాను కింద కాళ్లు చాపుకుని.

"అది గుడ్డ మావయ్యా. గుడ్డ ఎట్లా ఆరిపోతుంది?"

వెంకటప్పయ్య కాళ్లు ముడుచుకున్నాడు.

సిరుగుప్ప నుంచి సిరిగేరి పోయే దారిలో, కాలువ దాటగానే వచ్చే క్యాంపులో ఉంది ఆ బంగళా. అరవై ఏళ్ల కిందట కోస్తా నుంచి వచ్చి మడులు చేసుకున్న కుటుంబం. వెంకటప్పయ్యకు రైసు మిల్లు ఉంది. కొడుకు రాఘవేంద్ర సీజన్లో మిల్లు వదిలి కదలడు. కొత్త ఇంటి హాలంతా శరణ్ అనే బెంగళూరు డిజైనరు చేతి పని. అద్దంలో మొహంతో పాటు రేపటి ఎండ ఎంతో కూడా కనిపిస్తుంది. మెట్ల పక్క గోడ మీద జలపాతం పడుతుంది. ఎంతసేపు పడినా నేల తడవదు. ఆ జలపాతం చూసి ఒక పెద్దాయన పంచె ఎగ్గట్టి నడిచాడని క్యాంపులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అన్నింటికంటే పేరు మోసింది మూడు పటాల గోడ.

మూడూ టేకు ఫ్రేములే. ఒకటే కొలత, ఒకటే గాజు. కుడి ఎడమ ఫ్రేముల్లో ఉన్నవి డిజిటల్ స్క్రీన్లు. మెరుపు లేని తెర. గదిలో వెలుగు తగ్గితే అవీ తగ్గుతాయి. దగ్గరికి పోయి చూసినా రంగులద్దిన గుడ్డలాగే ఉంటాయి. మధ్యది మాత్రం అసలు గుడ్డ. వెంకటప్పయ్య తల్లి హనుమాయమ్మ పెళ్లినాడు బందరు దగ్గరి పుట్టింటి నుంచి ట్రంకు పెట్టెలో తెచ్చుకున్న పాత కలంకారీ. గజేంద్ర మోక్షం. గాజు వెనక భద్రంగా ఉంటుంది.

ఏది గుడ్డ, ఏది తెర? ఇంటికి వచ్చినవాళ్లందరికీ అదే పరీక్ష. పాల వ్యాను డ్రైవరు ముక్కు ఆనించి వాసన చూసి మరీ తప్పు చెప్పాడు.

సుష్మ మధ్య ఫ్రేము దించింది. వెనక వైరు కనబడింది. భయంతో ప్లగ్గు పీకేసింది. ఫ్రేములో గుడ్డ లేదు. గుడ్డ ఫోటో చూపిస్తున్న మూడో స్క్రీన్ ఉంది.

కరెంటు 7:20కి వచ్చింది. గుడ్డ రాలేదు.

మంగళవారం ఉదయం 9:10. పి.ఎస్.ఐ. గురుస్వామి జీపు దిగాడు. దిగీ దిగగానే చెవిలో ఒక పురుగు దూరింది.

వరి ఈనే నెల అది. మడుల్లో పచ్చపురుగు పుడుతుంది. నువ్వు గింజంత ఉంటుంది. దోమతెర కన్నంలో కూడా దూరుతుంది. సందె పడితే వెలుగున్న చోటికల్లా లక్షలుగా వస్తుంది. మిగిలింది పొద్దునదాకా తిరుగుతుంది.

"ఈ ఏడు తక్కువే సార్" అన్నాడు హెడ్ కానిస్టేబులు, దఫేదారు కనకప్ప. "పోయిన ఏడు సిరిగేరి బస్సు హెడ్‌లైటు ఏస్కోని వస్తాంటే పురుగు బస్సును ఆపేసిందంట. కండక్టరు లెక్క ఏసి పురుగుల్కి హాఫ్ టికెట్ కొట్టినాడు."

"సుమ్నే, ఊరికే ఉండప్పా" అన్నాడు గురుస్వామి చెవిలో వేలు పెట్టుకుని.

అతని చిరాకుకు పురుగొక్కటే కారణం కాదు. రాత్రే ఒక మనిషిని బళ్లారి నుంచి తెచ్చి స్టేషన్లో కూర్చోబెట్టారు. పేరు సిద్దేశ్. ఇళ్లకు స్క్రీన్లు బిగించే మనిషి. కుడి ఎడమ పటాలు బిగించింది అతనే. సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు పెద్ద బ్యాగుతో ఈ ఇంటికి వచ్చిందీ అతనే. వెంకటప్పయ్య ఫిర్యాదులో అతని పేరే రాశాడు. సర్కిల్ సారు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఏన్రీ గురుస్వామి, దొంగ చేతిలో ఉండాడు. ఇంకా ఏం చూస్తాండారు? సాయంత్రం ఏడున్నరకు రిమాండ్ రిపోర్టు నాకు రావాల."

ఇంత సులభంగా దొరికిన దొంగంటే గురుస్వామికి నమ్మకం లేదు. నమ్మకపోవడానికి ఆధారమూ లేదు. అదీ అసలు చిరాకు.

హాల్లో సోఫా అంచున కూర్చున్నాడు.

"గుడ్డను ఆఖరిసారి ఎప్పుడు చూసినారు?"

"రోజూ చూస్తున్నాం" అన్నాడు వెంకటప్పయ్య. "నిన్న మధ్యాహ్నం కూడా ఉంది."

"గుడ్డ ఉండెనా, గుడ్డ ఫోటో ఉండెనా?"

వెంకటప్పయ్య గోడ మధ్యలో ఖాళీ మేకు వైపు చూశాడు.

"ముట్టి చూసినారా ఎవరన్నా?"

"గాజు వెనక ఉంటుంది కదండీ, ఎవరు ముడతారు?" అంది సుష్మ. "పైగా ఈ నెలలో ఆరయ్యేసరికి హాలు లైట్లన్నీ ఆర్పేస్తాం. పురుగులొస్తాయని. పెరట్లో బల్బు వేలాడదీసి కింద గంగాళంలో నీళ్లు పెడతాం, అన్నీ అక్కడికి పోతాయి. హాల్లో ఆ రెండు పటాల వెలుగే. అది సన్నటి వెలుగే కదా అని ఉంచేస్తాం."

"నిన్న సిద్దేశ్ ఏం చేసినాడు?"

"ఇన్వర్టరు ఊరికే ట్రిప్పయి ఆగిపోతోంది" అన్నాడు వెంకటప్పయ్య. "పటాల లైను ఇన్వర్టరు మీంచి తీసేసి మామూలు కరెంటుకు కలపమన్నాను. నాలుగున్నరకు మెయిన్ ఆపాడు. ఐదింటికి వెళ్లిపోయాడు."

"ఆయన పని చేస్తాంటే మీరు యాడుండారు?"

"మెట్ల కింద బోర్డు దగ్గర. అతని పక్కనే."

"అంతసేపూ?"

"మధ్యలో ఫోన్ వచ్చి వరండాలోకి వెళ్లాను. పది నిమిషాలు. ఆ పది నిమిషాలు చాలదా?"

గురుస్వామి రాసుకున్నాడు. పెన్ను ఆగిపోయింది. దులిపాడు. పెన్నులోంచి ఇంకు రాలేదు, క్యాపులోంచి పురుగు వచ్చింది.

మూలన కుర్చీలో హనుమాయమ్మ కూర్చుని ఉంది. ఎనభై రెండేళ్లు. చేతిలో కంటి చుక్కల సీసా.

"అవ్వా, నువ్వు ఏమన్నా చూసినావా?"

"ఏవిటయ్యా చూసేది, రెండు కళ్లకీ పొర" అంది ఆవిడ. "రోజూ సందెవేళ ఈ కుర్చీ గోడ దగ్గిరికి లాక్కుని కూర్చుని దణ్ణం పెట్టుకుంటా. అంతే. కానీ శుక్రవారం నించి చూపు బాగుపడింది బాబూ. బళ్లారి డాక్టరు ఇచ్చిన చుక్కలు మహ బాగా పనిచేశాయి. గరుత్మంతుడి ఈకలు కనబడ్డాయి. పదేళ్లయింది అవి చూసి."

"మంచిది అవ్వా" అన్నాడు గురుస్వామి. రాసుకోలేదు.

చీపురు పట్టుకుని పనిమనిషి నాగక్క వచ్చింది. గోడ కింద పచ్చగా రాలిన పురుగులను తిట్టుకుంటూ ఊడుస్తోంది.

"ఒకటా, రెండా. మూడు కుప్పలు ఎత్తేసరికి నా నడుం పడిపోతాంది. మీ పేపర్లో రాయండి సార్ నాది కూడా."

"నీ పురుగుల పంచాయితీ తర్వాత పెట్టుకో నాగక్కా. కొంచెం పక్కకు పో."

నాగక్క పోయింది. పోతూ పోతూ ఒక చేట పురుగు అతని బూటు మీద పోసింది. కావాలనే పోసిందని కనకప్ప తరువాత ప్రమాణం చేసి చెప్పాడు.

ఉదయం 11:30. స్టేషన్.

సిద్దేశ్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. చేతులకు పాత షాకుల మచ్చలు.

"మూడో స్క్రీన్ యాడిది?"

"తెలీదు సార్."

"నువ్వు అమ్మే కంపెనీదే కదా?"

"కంపెనీ అదే. నేను ఈ ఇంటికి రెండే ఇచ్చినా. అది బెంగళూరులో యాడైనా దొరుకుతాది."

"గుడ్డ ఫోటో నీ దగ్గర ఉండాదా?"

"లాప్‌టాప్‌లో ఉండాది. స్క్రీన్ రంగులు సరిచేసేకి ఇచ్చినారు. సుష్మమ్మ ఫోన్లో ఉండాది. శరణ్ సార్ దగ్గరా ఉండాది."

"నిన్న పని చేసినప్పుడు మధ్య ఫ్రేము చూడలేదా?"

"బోర్డు మెట్ల కింద సార్. పటాల దిక్కుకే పోలేదు." బల్ల మీంచి లేచాడు. "సార్, ఒక్క మాట. నేనే స్క్రీన్ పెట్టింటే, దాని బ్యాకప్ నా చేత్తో నేనే తీస్తానా? తీస్తే కరెంటు పోయిన నిమిషంలో దొరికిపోతా కదా?"

గురుస్వామి తలెత్తాడు. మంచి మాట. సర్కిల్ సారుకు ఫోన్ చేసి చెప్పాడు.

"ఇంటాయన పక్కన నిలబడి తీయమంటే తీయక ఏం చేస్తాడు? దొంగలు మీకంటే తెలివిగల్లోళ్లు. రిపోర్టు రాయండి" అని అటువైపు పెట్టేశారు.

సిద్దేశ్ అంతా విన్నాడు.

"సార్, నా పని ఇళ్ల లోపల చేసే పని. బెడ్రూము, దేవుడి గది అన్నీ తెరిచిపెట్టి, తాళాలిచ్చి పోతారు. రేపు కూరెకుప్పలో కల్యాణ మండపం పని మొదలు. దొంగ అని ఒక్కసారి పేపర్లో పడితే, ఇంక బళ్లారి జిల్లాలో ఎవురు తలుపు తీస్తారు నాకు?"

గురుస్వామి ఫోన్ అందుకున్నాడు. స్క్రీన్ నంబరు ఇచ్చి ఎవరికి అమ్మారని కంపెనీని అడిగాడు. ఐదు నుంచి ఏడు పనిదినాలు పడుతుందని ఆడగొంతు రికార్డు మూడుసార్లు చెప్పింది. క్యాంపు గేటు సీసీ కెమెరా చూపించమన్నాడు. అందులో రెండు రోజులదే నిలుస్తుందట. ఆ రెండు రోజుల్లోనూ లెన్సు మీద పురుగు కూర్చుని ఉంది. నలభై ఎనిమిది గంటల రికార్డింగులో ఒకే ఒక్క పురుగు, ఆరు కాళ్లు, స్పష్టంగా.

మధ్యాహ్నం 1:15. డిజైనరు శరణ్ బంగళాకు వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. శుక్రవారం నుంచి బెంగళూరులో ఉన్నానన్నాడు. హోటల్ బిల్లు, టోల్ గేటు చీటీలు అడక్కముందే చూపించాడు.

"స్క్రీన్‌లోనే సాక్ష్యం ఉంటుంది సార్" అన్నాడు. "ప్లగ్ చేయండి."

మధ్య స్క్రీన్ బల్ల మీద పెట్టి కలిపారు. శరణ్ రిమోటుతో మెనూలోకి వెళ్లాడు. ఒక వరుస చూపించాడు.

"ఇంతకు ముందు ఇది ఆన్ అయిన టైమ్. సోమవారం 4:41. సిద్దేశ్ ఇక్కడ ఉన్న టైమ్. ఇంతకంటే క్లియర్‌గా ఏం కావాలి?"

వెంకటప్పయ్య తొడ మీద చరిచాడు. "చూశారా ఎస్సై గారూ?"

చూశాడు. ఇక సిద్దేశ్ వైపు నిలబడేది తన మనసొక్కటే. మనసును పంచనామాలో రాయరు.

శరణ్ తరువాత హనుమాయమ్మ పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఫోన్ పెట్టి వీడియో తీశాడు. "మామ్మగారూ, ఆ గుడ్డ ఎవరు చేశారు, ఎన్నేళ్లది, అంతా చెప్పండి. పోలీసులకు పనికొస్తుంది." ఆవిడ గంటసేపు చెప్పింది. తాత పేరు, ఊరి పేరు, ఏ చెట్టు బెరడుతో ఎరుపు వచ్చిందో కూడా చెప్పింది. ఎంత ఓపిక ఈ అబ్బాయికి, అనుకున్నారందరూ.

సాయంత్రం 6:05. స్టేషన్.

పురుగులకు భయపడి లైట్లన్నీ ఆర్పేశారు. కంప్యూటరు ఒక్కటి వెలుగుతోంది. గురుస్వామి రిమాండ్ రిపోర్టు టైపు చేస్తున్నాడు. "నిందితుడు సిద్దేశ్" అని కొట్టాడు. ఆ మాట మీద పురుగు వాలింది. తుడిచాడు. పది వాలాయి. తుడిచాడు. నిమిషంలో తెర అంతా పచ్చబడిపోయింది. అక్షరం కనబడటం లేదు.

"థూ" అని కుర్చీ వెనక్కి తోశాడు. "పొద్దున్నుంచి ఒక్కటి, ఒక్కటి కూడా సక్కగా కాలేదప్పా ఈ కేసులో."

"తెర ఆపితే పోతాయి సార్" అన్నాడు కనకప్ప చీకట్లోంచి. "పురుగుకేం తెల్సు? వెలుగుంటే వాల్తాది. అదో, గోడకు క్యాలెండరు ఉండాది. దాని మీద ఒకటన్నా వాల్తాందా చూడండి."

గురుస్వామి క్యాలెండరు చూశాడు. ఒక్క పురుగు లేదు. కుర్చీ మీద తెల్ల టవలు చూశాడు. ఒక్కటి లేదు. కంప్యూటరు కింద బల్ల మీద చూశాడు. చచ్చిన పురుగులు కుప్పగా పడి ఉన్నాయి.

తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"కనకప్పా, పొద్దున నాగక్క ఎన్ని కుప్పలు అనింది?"

"యా కుప్పలు సార్?"

"లేయి. జీపు తియ్యి. సిద్దేశ్‌ను కూడా ఎక్కించు. నాగక్కను ఇంటికి పోనియ్యొద్దని క్యాంపుకు ఫోన్ కొట్టు. ఆ శరణ్‌ను సంతకానికి పిలువు."

6:35. బంగళా హాలు.

అందరూ చేరారు. వెంకటప్పయ్య సిద్దేశ్‌ను చూసి మొహం తిప్పుకున్నాడు. శరణ్ వాచీ చూసుకున్నాడు.

"ఎక్కడ సార్ సంతకం? నేను బళ్లారి చేరాలి."

"పెడుదువు. కూర్చో."

గురుస్వామి స్టేషన్ నుంచి మెడలో వేసుకొచ్చిన తెల్ల టవలు తీశాడు. గోడ మధ్యలో ఖాళీ మేకుకు వేలాడదీశాడు. అటూ ఇటూ రెండు డిజిటల్ పటాలు సన్నగా వెలుగుతున్నాయి. మధ్యలో పోలీసు టవలు.

"ఇదేం అలంకారం?" అన్నాడు వెంకటప్పయ్య.

"లైట్లు ఆర్పండి. మీరు రోజూ ఆర్పినట్లే."

ఆర్పారు. పది నిమిషాలు చీకట్లో కూర్చున్నారు. శరణ్ మాత్రం చెంప మీద, మెడ మీద ఊరికే చరుచుకున్నాడు. తక్కినవాళ్లకు అది అలవాటే.

6:55. గురుస్వామి టార్చి వేశాడు. ముందు గోడ మీదికి.

ఎడమ పటం మీద పురుగు. కుడి పటం మీద పురుగు. టవలు తెల్లగా ఉంది.

టార్చి కిందికి దించాడు. రెండు కుప్పలు.

"నాగక్కా, పొద్దున ఎన్ని కుప్పలు ఎత్తినావు?"

"మూడు. అప్పుడే చెప్తాంటే పో అంటివి కదా" అంది నాగక్క.

"తప్పైపోయింది. ఇప్పుడు చెప్పు. మొదటి నుంచి మూడేనా?"

"యాడిది? నెలంతా రెండే. ఆ కొసకొకటి, ఈ కొసకొకటి. నడిమి పటం కింద చీపురు పెట్టే పనే లేదు. శుక్రవారం తెల్లారి చూస్తే మూడో కుప్ప ఉండాది. నడిమి దానికి కూడా లైటు పెట్టించినారా అని సుష్మమ్మను అడిగినా."

అందరూ సుష్మ వైపు చూశారు.

"అడిగింది" అంది సుష్మ నెమ్మదిగా. "పురుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావా, ఊడువు అన్నాను."

"శుక్రవారం నుంచి రోజూ మూడేనా?"

"రోజూ మూడే. ఈ పొద్దు మూడోది చిన్నది, అంతే."

గురుస్వామి లైట్లు వేయించాడు.

"గుడ్డ మీద పురుగు వాలదు. తెర మీద వాల్తాది. అంటే గురువారం సందెకే మధ్యలో ఉండేది తెర. సిద్దేశ్ వచ్చింది సోమవారం. నాలుగు రోజుల తర్వాత."

"మరి 4:41?" అన్నాడు శరణ్. గొంతులో మెత్తదనం అలాగే ఉంది. "మెషీన్ అబద్ధం చెప్పదు సార్."

"చెప్పలేదు. చెప్పింది నువ్వు. సిద్దేశ్, మెయిన్ ఎప్పుడు ఆపినావు, ఎప్పుడు వేసినావు?"

"4:33కి ఆపినా సార్. 4:41కి ఏసినా. పని టైము రాసుకునే అలవాటు."

"ఆ కుడి పటం మెనూ తియ్యి. ఎడమది కూడా."

సిద్దేశ్ కుడి పటం దగ్గరికి పోయాడు. రిమోటు నొక్కాడు. కుడి పటంలో ఇంతకు ముందు ఆన్ అయిన సమయం: సోమవారం 4:41. ఎడమ పటంలో కూడా అదే. సోమవారం 4:41.

"ఇవి ఇప్పుడు వెలుగుతాండేది నిన్న 7:20 నుంచి. ఆ మెనూ దానికి ముందు ఒక్క టైమే చూపిస్తాది. మెయిన్ వేసినప్పుడు మూడూ కలిసి వెలిగినాయి. ఆగస్టులో తగిలించిన ఈ రెండు కూడా సోమవారం తెచ్చినవేనా శరణ్? స్క్రీన్ల పని చేసేవాడివి. ఆ సంగతి నీకు తెలీదా?"

శరణ్ వాచీ సర్దుకున్నాడు.

"గురువారం ఇంటికి ఎవరు వచ్చినారమ్మా?"

"శరణ్ గారే" అంది సుష్మ. "గాజుకు పాలిష్ పెట్టాలి, వాసన మామ్మగారికి పడదు అని అందర్నీ పైకి పంపేశారు. మూడున్నర నుంచి ఐదు దాకా. ఆ వాసనకు మామ్మగారు ఆ సందె కిందికే రాలేదు. పైనుంచి దిగేసరికి గాజు తళతళలాడుతోంది. నేనే థాంక్స్ చెప్పాను."

"ఎప్పుడు పోయినాడు?"

"ఐదున్నరకు. ఎప్పుడూ ఐదున్నరకే వెళ్లిపోతారు."

"అదీ" అన్నాడు గురుస్వామి. "జూన్‌లో వచ్చినావు. రంగు సరిచూసినావు, గుడ్డ నేత సరిచూసినావు, వెలుగెంత తగ్గాల్నో అదీ చూసినావు. ఇన్వర్టరు ఉండాది కాబట్టి ఆరిపోదనుకున్నావు. బెంగళూరులో కూర్చుని బిల్లులు దాచిపెట్టుకున్నావు. వరి ఈనే నెలలో ఈ హాల్లో ఒక్క సందె కూర్చోలేదప్పా నువ్వు. ఈ ఇంట్లో మనుషులందరికీ అది గుడ్డ లాగే ఉండె. పురుగుకు మాత్రం దీపం."

"పురుగులు కోర్టులో నిలుస్తాయా సార్?" శరణ్ నవ్వబోయాడు.

"నిలవవు. అందుకే కారు తాళాలు ఇయ్యి."

నవ్వు మధ్యలోనే ఆగింది.

కారు డిక్కీలో కర్టెన్ల శాంపిల్ గొట్టాలు ఐదు ఉన్నాయి. నాలుగో గొట్టంలో కర్టెన్ గుడ్డ మధ్య చుట్టి పెట్టిన గజేంద్రుడు దొరికాడు. బెంగళూరులో కొనేవాడు గుడ్డ పుట్టు పూర్వోత్తరాలు కావాలన్నాడట. పాతదని రుజువుంటే తప్ప తీసుకోనన్నాడట. దానికే వెనక్కి వచ్చాడు. మధ్యాహ్నం గంటసేపు ఓపిగ్గా తీసిన వీడియో అందుకే.

వెంకటప్పయ్య ఆ వీడియో సంగతి విని సోఫాలో కూలబడ్డాడు.

7:20. సర్కిల్ సారుకు ఫోన్ అయింది. పేరు మార్చి రాయమన్నారు. శభాష్ అనలేదు. ఇంకా ఒక్క పని మిగిలింది. సొత్తును సొంతదారు గుర్తుపట్టాలి.

గుడ్డను గోడకు పట్టుకున్నారు. హనుమాయమ్మ కుర్చీ ఎప్పటి చోటుకు జరిపారు.

"అవ్వా, ఇది నీదేనా? చూసి చెప్పు. రాసుకోవాల."

హనుమాయమ్మ చూసింది. తల అటు వంచి చూసింది. ఇటు వంచి చూసింది.

"ఏదీ?"

"ఎదురుగానే ఉండాది అవ్వా."

"ఏవీ కనబట్లేదయ్యా. ఎర్రగా మసకగా ఉంది. గరుత్మంతుడేడీ?"

"లైటు ఇంకా వేయండి" అన్నాడు గురుస్వామి. హాల్లో లైట్లన్నీ వెలిగాయి. పురుగు దండెత్తి వచ్చింది. ఆవిడకు మాత్రం గరుత్మంతుడు రాలేదు.

"నిన్న కూడా ఈకలు కనబడ్డాయే" అంది. చేతిలో చుక్కల సీసా తిప్పి చూసుకుంది. కాసేపటికి ఆవిడకే అర్థమైంది. "ఓహో. అది చుక్కల మందు కాదన్నమాట. నాలుగు రోజులు టీవీకి దణ్ణం పెట్టుకున్నానన్నమాట."

పొద్దున రాసుకోకుండా వదిలేసిన మాట గురుస్వామికి ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడే రాసుకుని ఉంటే మధ్యాహ్నానికల్లా కేసు తేలేది. తేలితే ఆవిడకు సంతోషం ఒక పూట ముందే పోయేది.

ఆవిడ చెయ్యి చాపింది. గుడ్డ కింది అంచు పట్టుకుంది. వేళ్లతో తడుముకుంటూ మూలకు వెళ్లింది.

"ఇదిగో. ఎలుక కొడితే నేనే కుట్టాను. పెళ్లైన ఏడు. దారం సరిపోక రెండో రంగు వేశాను. ఇది మాదే, రాసుకో." అయినా అంచు వదల్లేదు. "ఇంక గోడకు పెట్టేస్తారా?"

"కోర్టుకు చూపించాల అవ్వా. తర్వాత ఇస్తారు."

"మరి ఆ దొంగ పటం?"

"అదీ కోర్టుకే."

"రెండూ పట్టుకుపోతే నాకేం మిగిలిందయ్యా? అది ఉంటే ఈకలన్నా కనబడేవి. ఎన్నాళ్లు పడుతుంది?"

దొంగను పట్టిన చేతులు గురుస్వామికి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నోరు తెరిచాడు. పురుగు లోపలికి పోయింది. దగ్గుతూ నిలబడ్డాడు.

అంతసేపూ తలుపు దగ్గర నిలబడి ఉన్న సిద్దేశ్ ముందుకు వచ్చాడు. అతన్ని పొమ్మని చెప్పి అరగంట అయింది. పోలేదు.

"అవ్వా, ఆ ఫోటో నా లాప్‌టాప్‌లో ఉండాది. లాప్‌టాప్ జీపులో నా బ్యాగులోనే ఉండాది. ఆ ఎడమ పటంలో పెడతా. గుడ్డ వచ్చేదాకానే కాదు, వచ్చినాక కూడా ఉంటాది. గరుత్మంతుని మాత్రమే పెద్దగా చేసి పెట్టమంటే అట్లా కూడా పెడతా. కానీ ఆ పటం శానా పైకుండాది. నీ కుర్చీకి సమంగా దించాల."

"ఎప్పుడు పెడతావు బాబూ?"

"రేపు కూరెకుప్పలో పని ఉండాది" అన్నాడు. "ఇప్పుడే పెట్టేసి పోతా. నిచ్చెన యాడుండాది?"

ఆ ఇంట్లో నిచ్చెన ఎక్కడుంటుందో నాగక్కకు తెలుసు. సుష్మకూ తెలుసు. ఇద్దరూ కదలబోయారు.

వెంకటప్పయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. సోఫాలోంచి లేచాడు. మిల్లులో బస్తా కూడా ముట్టని మనిషి పెరట్లోకి వెళ్లి, ఇనుప నిచ్చెన భుజాన వేసుకుని, గుమ్మానికి తగిలించుకుంటూ వచ్చాడు. సిద్దేశ్ ముందు నిలబెట్టాడు. రెండు చేతులతో నిచ్చెన కింద పట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు.

సిద్దేశ్ ఎక్కాడు.

నాగక్క చీపురు తెచ్చుకుని గోడ కింద కూర్చుంది.

"ఎన్ని పటాలు వెలిగిస్తాండావో ముందే చెప్పప్పా" అంది పైకి చూసి. "రెండైతే ఎత్తుతా."